పోస్టాఫీసే మా అడ్రసు

మా సొసైటీ పోస్టాఫీసు మూసేస్తున్నారన్న కాగితాన్ని ముందుగా చదివింది నేనే. షట్టరు పక్క గోడకి అంటించారు, గుజరాతీలో. చదివి, అక్కడే నిలబడి, నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవర్ని తిట్టానో నాకే తెలీదు, ఆ కాగితాన్నే అయ్యుంటుంది. దాని కింద ఇనుప కుర్చీలో మా బాపు కూర్చుని ఉన్నాడు. బాపుకి గుజరాతీ మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు.

"ఏం రాసిండ్రు బిడ్డా?" అన్నాడు.

"సెలవుల లిస్టు బాపూ."

"సెలవుల లిస్టుకు గన్ని తిట్లేంది?"

బాపుకి చెవులు వినిపించవు. నలభై ఏళ్ళు సాంచాల మధ్య నిలబడ్డ మనిషి. కరెంటు మగ్గాన్ని మేం సాంచా అంటాం, అవి నడిచే షెడ్డుని ఖాతా అంటాం. ఖాతాలో వంద సాంచాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్కవాడు అరిచినా వినబడదు. అందుకే అక్కడ పనిచేసేవాళ్ళంతా ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. చెవులు పోయినా బాపుకి ఆ విద్య మిగిలింది. అంటే నేను తిట్టిన తిట్లన్నీ ఒక్కటి కూడా పోకుండా చూశాడన్నమాట. ఇంక దాచి లాభం లేదని ఎదురుగా నిలబడి మెల్లగా చెప్పాను.

"పోస్టాఫీసు తీసేస్తున్నరు బాపూ. నది అవతలి పెద్దాఫీసుల కలుపుతరట."

ఆయన తల పైకెత్తి ఆ కాగితాన్ని కాసేపు చూశాడు.

"మరి నేనెక్కడ కూసోవాలె?" అన్నాడు.

మా ఇంటికి సంబంధించినంతవరకు సంగతంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. మిగతావాళ్ళకి పోస్టాఫీసు పోతే ఓ గంట ప్రయాణం పెరుగుతుంది. మా బాపుకి పోయేది కూర్చునే చోటు. చెవులు పోయాక, అమ్మ పోయాక, ఈ సూరత్‌లో ఆయన కోసం ఎవరైనా ఎదురుచూసే చోటంటూ మిగిలింది ఆ కుర్చీ ఒక్కటే.

బాపు పోస్టాఫీసు ఉద్యోగి కాడు. జీతం లేదు, పేరు లేదు, ఏ రిజిస్టరులోనూ లేడు. మాది అమ్రోలి దాటాక ఖాతాల మధ్య ఇరుక్కున్న సొసైటీ, అంటే కాలనీ. సగానికి సగం సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెలవాళ్ళమే. ఊళ్ళ నుంచి వచ్చే ఉత్తరాల మీద అడ్రసు తెలుగులో ఉండేది. పోస్టుమాస్టరు గుజరాతీ ఆయన, పాపం, ఆ గుండ్రటి అక్షరాలు చూసి తల పట్టుకునేవాడట. నేనింకా పుట్టని రోజుల్లో ఓసారి బాపు తన ఉత్తరం కోసం వెళితే, తిరిగి పంపించడానికి కట్టిన కట్టొకటి బల్ల మీద కనిపించింది. బాపు ఆ కట్ట విప్పి ఒక్కొక్కటే చదివి చెప్పాడు. ఆ తర్వాత ఎంతమంది పోస్టుమాస్టర్లు మారారో నాకు లెక్క తెలీదు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ పాతవాళ్ళు తాళంచెవులతో పాటు మా బాపునీ అప్పజెప్పి వెళ్ళేవాళ్ళు. మొదట్లో పాళీ, అంటే షిఫ్టు, అయ్యాక గంటసేపు కూర్చునేవాడు. చెవులు పూర్తిగా పోయి శేఠ్ ఇక చాలన్నాక, పొద్దున తలుపు తీసే వేళకి వెళ్ళి సాయంత్రం దాకా అక్కడే ఉండేవాడు. కుర్చీ సీటు చిరిగిపోతే సాంచాకి వాడే బెల్టు పట్టా తెచ్చి తనే అల్లుకున్నాడు.

ఇక్కడ మా వాళ్ళ అలవాటొకటి చెప్పాలి, ఎందుకంటే నన్ను ముంచింది అదే. ఇక్కడ ఒంటరి మగవాళ్ళు రూముల్లో ఉంటారు. పగటి పాళీవాడు లేచి వెళితే రాత్రి పాళీవాడు వచ్చి అదే చాప మీద పడుకుంటాడు. శేఠ్‌తో మాటామాటా వస్తే ఖాతా మారతారు, ఖాతా మారితే రూమూ మారుతుంది. ఏ అడ్రసూ ఆరు నెలలు నిలవదు. అందుకని ఊరికి రాసేటప్పుడు రూము నంబరు ఎవరూ ఇవ్వరు. మనిషి పేరు, ఆయన ఊరు పేరు, కింద మా సొసైటీ పోస్టాఫీసు. అంతే. ఏ ఊరివాడు ఇప్పుడు ఏ గల్లీలో ఉన్నాడో బాపుకి తెలుసు కదా. ఇల్లూ సంసారం ఉన్న మాలాంటి వాళ్ళకి కూడా అదే అలవాటైంది. నా బడి ఫారంలో, నా పెళ్ళి పత్రికలో, మా గ్యాసు కాగితంలో అన్నిట్లో పోస్టాఫీసే మా అడ్రసు.

ఈ రోజుల్లో ఉత్తరాలెవరు రాస్తారండీ అనొచ్చు. మామూలు నెలల్లో నిజమే, వచ్చేవన్నీ బ్యాంకు కార్డులూ ఆధార్ కవర్లే. కానీ శ్రావణం వచ్చిందంటే చూడాలి. నూలు పున్నం మా నేతవాళ్ళకి పెద్ద పండగ. ఆ రోజు పాత జంద్యం తీసి కొత్తది వేసుకుంటారు. చేతికి రాఖీ కట్టుకుంటారు. ఊళ్ళో ఉన్న అక్కచెల్లెళ్ళు రాఖీతో పాటు ఇంటి దగ్గర వడికిన జంద్యం కూడా కవర్లో పెట్టి పంపుతారు. వాటి మీద అడ్రసులన్నీ తెలుగులోనే. సంచులకొద్దీ వచ్చేవి. ఆ పదిహేను రోజులు మా బాపు అన్నానికి కూడా ఇంటికి రాడు, నేనే డబ్బా పట్టుకెళ్ళేదాన్ని.

ఆ కవర్లలో ఒకటి బాపుకే వచ్చేది. మా మేనత్త పంపేది. ఊళ్ళో బీడీలు చేసుకుంటూ ఉంటుంది, ఆయనకున్న ఒక్క చెల్లెలు. ఫోనులో నాతో గంటలు గంటలు మాట్లాడుతుంది గానీ వాళ్ళన్నతో మాట్లాడలేదు. వీడియోలో ముఖం కనిపించినా పెదవులు అందవు, ఆగి ఆగి కదులుతాయి. అందుకని ఏడాది సంగతులన్నీ ఒక పేజీలో రాసి రాఖీతో పెడుతుంది. బాపు ఆ పేజీని మళ్ళీ శ్రావణం వచ్చేదాకా చొక్కా జేబులో ఉంచుకుంటాడు. నేను చొక్కా ఉతికేటప్పుడు తీసి, ఆరాక పెట్టాలి. మరిచిపోతే ఇంట్లో గొడవే.

సరే, కాగితం అంటించారు. గుజరాతీ మీడియంలో పన్నెండు దాకా చదివినదాన్ని కాబట్టి బస్తీలో ఎవరి ఫారం నింపాలన్నా నా దగ్గరికే వస్తారు. చీరలకి లేసు కుట్టే పని పక్కన పెట్టి అర్జీ రాశాను. బాగా రాశానని అప్పుడు నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. మూడు గీతలు గీసి పేరు, అడ్రసు, సంతకం అని పెట్టాను. పాళీ మారే వేళల్లో ఖాతాల గేట్ల ముందు నిలబడి రెండు వందల పైచిలుకు సంతకాలు పట్టాను. కొందరు తామే రాశారు, చాలామంది "నువ్వే రాయక్కా" అన్నారు. నేనే రాశాను.

మా కార్పొరేటరు గుజరాతీ ఆడమనిషి, అందరం బెన్ అంటాం, అంటే అక్క, ఇక్కడ ఏ ఆడమనిషినైనా అలాగే పిలుస్తారు. మర్యాదస్తురాలు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది, అర్జీ చేత్తో పట్టుకుని నాతో ఫోటో దిగింది. "పోస్టు మా చేతిలో లేదమ్మా, ఢిల్లీ చేతిలో ఉంది. కానీ కార్పొరేషన్ సభలో తీర్మానం పెట్టిస్తాను, ఊరుకోను," అంది. అర్జీని వార్డు ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోమంది. నేను గాలిలో తేలుతూ వార్డు ఆఫీసుకి వెళ్ళాను.

అక్కడ గుమాస్తా ఒకాయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని మొదటి పేజీ చూశాడు. రెండో పేజీ చూశాడు. మూడోది చూసి నవ్వాడు. పక్క బల్ల ఆయనని కూడా పిలిచి చూపించాడు.

"ఏమైంది?" అన్నాను.

"బెన్, ఇందులో సగం మంది తెలంగాణలో ఉంటారు," అన్నాడు. "మిగిలిన సగం మంది పోస్టాఫీసులో ఉంటారు. మా వార్డులో ఎవరున్నారో చెప్పండి."

కాగితం లాక్కుని చూసుకున్నాను. నిజమే. తామే రాసిన వాళ్ళంతా ఓటరు కార్డులో ఉన్నట్టు తమ ఊరి అడ్రసు రాశారు. నేను రాసినవాటన్నిటి ముందూ, చిన్నప్పటి నుంచి ఎలా రాస్తున్నానో అలాగే, మా సొసైటీ పోస్టాఫీసు అని వరసగా రాసుకుంటూ పోయాను. పోస్టాఫీసు మూయొద్దని అడిగే కాగితంలో మా అందరి ఇల్లూ ఆ పోస్టాఫీసే. అది రేపు మూసేస్తే ఈ కాగితం ప్రకారం ఇక్కడ మనుషులే లేరు. నా నోరు మూతపడటం పెళ్ళైన ఇన్నేళ్ళలో మా ఆయన కూడా చూసి ఉండడు. ఆ రోజు ఆ గుమాస్తా చూశాడు.

తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు కూర్చుని కాసేపు ఏడ్చాను, సిగ్గుతోనే. బాపు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమన్నరు?"

చెప్పాను. ఆయనకి కోపం వస్తుందనుకుంటే నవ్వొచ్చింది. "వాడన్నది తప్పేం లేదు కదనే. ఎవని రూం ఏదో వానికేం ఎర్క?" అన్నాడు. తర్వాత చెప్పులేసుకున్నాడు. "నీ నోటుబుక్కు తీస్కో, నడువు. నాకెర్కే కదా."

తొమ్మిది రోజులు తిరిగాం. కాళ్ళరిగేలా అంటారే, అలా. బాపుకి మనుషులు పేర్లతో గుర్తుండరు, ఊళ్ళతో గుర్తుంటారు. ఫలానా ఊరి పెద్దింటి పిలగాడు, నాలుగో గల్లీ, మేడ మీద చివరి రూం, పగటి పాళీ. ఫలానా ఊరి అన్నదమ్ములు, మొన్ననే ఖాతా మారిండ్రు, ఇప్పుడు పాలడైరీ వెనక ఉంటున్నరు. ఇళ్ళకి నంబర్లు ఉండవు, తలుపు మీద ఇంటిపన్నువాళ్ళు ఎర్రరంగుతో వేసిన అంకె ఉంటుంది, అది వెతికి రాసుకునేదాన్ని. కొన్ని తలుపుల మీద అది కూడా చెరిగిపోయింది. మా వాళ్ళేమో అడ్రసు అడిగితే బెదిరిపోయారు.

"ఎందుకక్కా? పోలీసోల్లకా?"

"పోస్టాఫీసు కోసమయ్యా."

"పోస్టాఫీసుకు మా అడ్రసెందుకు? బాపుకెర్కే కదా!"

ఇలా ఉండేది మా వాళ్ళతో. ఒళ్ళు మండేది. బాపు మాత్రం ఆ తొమ్మిది రోజులూ హుషారుగా ఉన్నాడు. ప్రతి గడప దగ్గరా నేను రాస్తుంటే నోటుబుక్కులోకి వంగి చూసి, గుజరాతీ అక్షరం రాకపోయినా సరిగ్గా రాసినట్టు తలూపేవాడు. ఆఖరి వరస ఆయనది.

"నీది చెప్పు బాపూ," అన్నాను ఆటపట్టిస్తూ.

"పోస్టాఫీసు."

"మల్ల గదే! ఇంత తిరిగినంక గూడ?"

"మీ అత్త గదే రాస్తది కదా బిడ్డా," అన్నాడు.

నేను వినలేదు. మా ఇంటి నంబరే రాసేశాను. కొత్త జాబితా తీసుకెళ్ళి వార్డు ఆఫీసులో ఇచ్చాను. ఈసారి గుమాస్తా నవ్వలేదు. "ఇది మా దగ్గర కూడా లేదు బెన్," అని ఒక నకలు తీసుకుని, నా కాగితాల మీద ప్రతి పేజీకీ గుండ్రటి ముద్ర వేశాడు.

బెన్ అన్నమాట నిలబెట్టుకుంది. కార్పొరేషన్ సభలో తీర్మానం చేశారు. పోస్టాఫీసు ఉంచాలని, అదున్న ఇంటి ఓనరు ఖాళీ చేయమంటున్నాడు కాబట్టి వార్డు ఆఫీసు పక్కన దోమల మందు మిషన్లు పెట్టే గదిని అద్దె లేకుండా ఇస్తామని రాసి పంపారు. ఆ గది చూడటానికి బాపుని తీసుకెళ్ళాను. మందు వాసనకి ముక్కు మూసుకుంటూనే ఏ మూల కుర్చీ వేసుకోవాలో చూసుకున్నాడు. కిటికీ పక్కన అన్నాడు. వెలుగు బాగుంటుందట చదవడానికి.

పై నుంచి జవాబొచ్చింది, రెండు వరసలు. మీ తీర్మానం అందినది, పరిశీలించబడినది. ఆ తర్వాత ఇంకేం రాలేదు. బెన్ ఇంకో రెండు ఉత్తరాలు రాయించింది, నేను రెండుసార్లు జోన్ ఆఫీసుకి వెళ్ళాను. కార్పొరేషన్‌వాళ్ళు మేం చేయాల్సింది చేశామన్నారు. అబద్ధమేమీ కాదు. వాళ్ళు చేయగలిగింది వాళ్ళు చేశారు, చేతులెత్తేశారు. అయినా నాకు ఏదో ఒకటి ఇవ్వాలనిపించిందేమో బెన్‌కి, మూతపడబోతున్న పోస్టాఫీసు ముందు ఒక సిమెంటు బెంచీ వేయించింది. వెనక ఆవిడ పేరు, వార్డు నంబరు. "కాకా ఇక్కడే కూర్చోవచ్చు కదా," అంది బాపు గురించి. ఆవిడ మంచి మనసుతోనే అంది. నాకే పుండు మీద కారం పడ్డట్టయింది.

మూసే రోజున టెంపో వచ్చింది. బీరువాలు, కాటా, ఎర్ర డబ్బా ఎక్కించారు. పోస్టుమాస్టరు వచ్చే నెలలో రిటైరయ్యే మనిషి. చేతిలో సామాను జాబితా పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెడుతున్నాడు. బాపు కుర్చీ దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"ఇది కూడా జాబితాలో ఉంది కాకా," అన్నాడు గుజరాతీలో, పెదవులు బాగా కదుపుతూ. "లేకపోతే మీకే ఇచ్చేసేవాణ్ణి."

"సర్కారు కుర్చీ. తీస్కపోండి," అన్నాడు బాపు, తనే ఎత్తి టెంపోలో పెట్టాడు. పోస్టుమాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఆదివారం బాపుని స్కూటరు మీద డుమస్ తీసుకెళ్ళి టమాటా బజ్జీలు తినిపించాడు. ఇద్దరూ సముద్రం ముందు రెండు గంటలు కూర్చొచ్చారట. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, ఏం లేదు, బజ్జీలు కారంగా ఉన్నయ్ అన్నాడు.

ఆ తర్వాత బాపు ఇంట్లోనే ఉండిపోయాడు. బెంచీ మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. పొద్దున స్నానం చేసి, చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, మంచం మీద కూర్చునేవాడు. ఎక్కడికో వెళ్ళాల్సిన మనిషిలా తయారై అక్కడే కూర్చోవడం చూస్తే నాకు లేసు సూది వేలికి దిగేది. ఎన్నిసార్లు దిగిందో.

ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది. పున్నానికి ఇంకా ఆరు రోజులుందనగా మా అత్త ఫోన్ చేసింది. హలో అనకముందే ఏడుపు.

"నిజం చెప్పు బిడ్డా. మా అన్న ఉన్నడా?"

"అదేం మాటత్తా! ఈడనే ఉన్నడు. ఏమైంది?"

"నా రాఖీ కవరు తిరిగొచ్చింది. గా మనిషి ఆడ లేడని రాసిండ్రట, మన ఊరి పోస్టుమన్ సదివి చెప్పిండు. నా పానం పోయింది బిడ్డా. మీరు నాకు చెప్పకుండ దాస్తున్నరని అనుకున్న."

వెనకటికి మా ఊళ్ళల్లో సూరత్‌కి రాసిన ఉత్తరం తిరిగొచ్చిందంటే అర్థం ఒకటే ఉండేది. ఆడవాళ్ళు అడక్కుండానే ఏడుపు మొదలుపెట్టేవాళ్ళట. అత్త ఆ కాలం మనిషి. కెమెరా పెట్టి బాపు ముఖం చూపించాను. చూసింది, ఊరడిల్లింది, ముక్కు చీదుకుంది. తర్వాత అసలు సంగతి చెప్పింది.

"మల్ల గదే కవరుకు కొత్త టికెట్లు అంటించి నాలుగు రోజుల కింద పంపిన. ఫోన్ల అడుగ మనసొప్పలే. ఉంటే అందుతది, లేకుంటే మల్లొస్తదని పంపిన."

"ఏ అడ్రసుకు పంపినవ్?"

"గదే. పోస్టాఫీసుకే. ఇంకోటి నాకేడ ఎర్క?"

తప్పు నాది. వార్డు ఆఫీసుకి రెండు వందల అడ్రసులు రాసిచ్చినదాన్ని, ఊళ్ళో ఉన్న మా అత్తకి ఒక్క అడ్రసు చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా వానల సంగతి, బీడీ ఆకు సంగతి మాట్లాడాను. మా బస్తీలో ఎవరూ చెప్పలేదు వాళ్ళ ఇళ్ళల్లో. అందరం పోస్టాఫీసు తిరిగొస్తుందనే చూస్తూ కూర్చున్నాం. బాపు చెప్పనే చెప్పాడు ఆ రోజు, మీ అత్త గదే రాస్తది అని. వింటే కదా నేను.

బాపుకి ఎలా చెప్పాలా అని ఆలోచించే పని లేకుండా పోయింది. అత్త చెప్పిందల్లా 'లేడని రాసిండ్రా?' అంటూ నేను తిరిగి అడుగుతుంటే నా పెదవులన్నీ చూస్తూనే ఉన్నాడు.

"నేను లేనని ఎవడు రాసిండు?" అన్నాడు. లేచాడు. ఎలాగూ చొక్కా వేసుకునే ఉన్నాడు.

నోటుబుక్కు, ముద్ర వేసిన కాగితాలు, తీర్మానం నకలు సంచిలో వేసుకుని ఆయన వెనకే పరిగెత్తాను. బస్సు తాపీ నది వంతెన దాటి కతర్‌గామ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. ఆ కవరు రెండోసారి వెనక్కి వెళితే పున్నంలోపు మళ్ళీ రాదు. అత్త ఈసారి ఫోనులో ముఖం చూసినా నమ్ముతుందో లేదో.

పెద్దాఫీసులో కౌంటరు వెనకున్నావిడ మా మాట సగం కూడా వినలేదు. "అడ్రసు అర్థం కానివి తిరిగి పంపించేస్తాం. రేపు బండి వెళుతుంది. లోపలికి బయటివాళ్ళు రాకూడదు."

"బయటివాడు కాదు మేడమ్, ముప్ఫై ఏళ్ళుగా మీ ఉత్తరాలు చదువుతున్నాడు," అన్నాను. గొంతు పెరిగింది. పెరిగితే పెరిగిందిలే అనుకున్నాను. వెనక లైనులో వాళ్ళు గొణుగుతున్నారు. సంచిలో ఉన్నవన్నీ కౌంటరు మీద పరిచాను. "ఇదిగో కార్పొరేషన్ తీర్మానం. ఇదిగో ప్రతి మనిషి ఉండే ఇల్లు, గల్లీ, వార్డు ఆఫీసు ముద్రతో. మీ దగ్గరున్న పేర్లు ఆయన చదువుతాడు, అడ్రసు నేను రాస్తాను. మీ పోస్టుమన్ తీసుకెళ్ళి ఇవ్వడమే."

ఆవిడ కాగితాలు అటూ ఇటూ తిప్పింది. ముద్ర దగ్గర వేలు పెట్టి చూసింది. లేచి లోపలికి వెళ్ళి పెద్దసారుతో వచ్చింది. ఆయన బాపుని చూశాడు, జాబితా చూశాడు, గోడ పక్కనున్న రెండు ఉత్తరాల సంచుల వైపు చూశాడు.

"ఇవన్నీ చదవగలడా?" అన్నాడు.

నేను చెప్పేలోపే బాపు పక్క తలుపులోంచి లోపలికి నడిచాడు. ఆయన ఆ ప్రశ్న చూడలేదు, సంచులు చూశాడు. పాత గోనెల కిందనుంచి ఏదో లాగుతున్నాడు. తన కుర్చీ. సాంచా పట్టా అల్లిన సీటు మీద ఎవరో టీ ఒలకబోశారు. కండువాతో తుడిచి, సంచుల పక్కన వేసుకుని కూర్చున్నాడు. పెద్దసారు పక్కనున్న స్టూలు నా వైపు జరిపాడు.

ఇక మొదలుపెట్టాం. ఆయన ఒక కవరు తీసి పేరు, ఊరు గట్టిగా చదివేవాడు. చెవుల్లేని మనిషి గొంతు కదా, హాలంతా వినపడేది. నేను నోటుబుక్కులో చూసి కవరు మీద గుజరాతీలో గల్లీ, నంబరు రాసి కౌంటరావిడకి ఇచ్చేదాన్ని. ఆవిడ మొదట్లో విసుగ్గా అందుకుంది. ఇరవై ముప్ఫై అయ్యాక తనే చెయ్యి చాచింది. కొన్ని కవర్ల మీద అప్పటికే ఈ మనిషి ఇక్కడ లేడన్న ముద్ర పడి ఉంది. వాటిని బాపు కింద పెట్టలేదు, అవి కూడా చదివాడు. నేను కొట్టేసి రాశాను.

మొదటి సంచి అయిపోయి రెండోది సగానికి వచ్చాక ఒక కవరు దగ్గర ఆగాడు. నలిగిపోయిన పసుపు కవరు, రెండు సార్లు టికెట్లు అంటించినది. మా అత్త అక్షరాలు దూరం నుంచే గుర్తుపట్టాను. అడ్రసుకి అడ్డంగా నల్లటి ముద్ర.

నేను తీసుకోవడానికి చెయ్యి చాచాను. ఇవ్వలేదు. దాన్ని కూడా మిగతావాటిలాగే, అదే గొంతుతో గట్టిగా చదివాడు. తన పేరు. తన ఊరు.

కౌంటరావిడ తల ఎత్తకుండానే అడిగింది. "ఈయన ఎక్కడుంటాడు?"

నేను బాపు వైపు చూశాను. ఆవిడ అడిగింది బాపు చూడలేదు, ఆయన చూపు ఆ ముద్ర మీదే ఉంది. జేబులోంచి తన పెన్ను తీసి నా చేతికిచ్చాడు.

"ఉన్నడని రాయి బిడ్డా," అన్నాడు. "జర పెద్దగ రాయి."

ముద్ర మీదనే, గుజరాతీలో, పెద్ద అక్షరాలతో రాశాను.